పూయాలి, పనికీ రావాలి: గుంటూరులో ఒక కాలనీ పార్కు డైరీ

సంక్రాంతి వెళ్లాక

మా కాలనీ గుంటూరు ఇన్నర్ రింగ్ రోడ్డు పక్కన. మధ్యలో పార్కుకని వదిలిన జాగా, చుట్టూ మూడు వీధులు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఇక్కడ నేలకొరిగినవాటిలో ఎక్కువ ఎర్ర తురాయిలూ ఆకాశమల్లెలే. తురాయి వేళ్లు పైపైనే పాకుతాయి, పెద్ద గాలికి పట్టు చాలదు. ఆకాశమల్లె కర్ర పెళుసు, కొమ్మలు పుటుక్కున విరుగుతాయి. అప్పట్నుంచీ ఆ ఖాళీల్లో వయ్యారిభామ, ఇళ్లు కట్టగా మిగిలిన కంకర, ఎవరో పడేసిన పాత కమోడ్.

మీటింగులో ఒక కాంట్రాక్టరు కోనోకార్పస్ వేద్దామన్నాడు. ఏడాది తిరక్కుండా పచ్చటి గోడ లేస్తుందట. లేస్తుంది, అది నిజమే. కానీ దాని పుప్పొడితో ఉబ్బసం, అలర్జీ ఉన్నవాళ్లకి ఇబ్బందనీ, వేళ్లు నీళ్ల పైపుల్లో, డ్రైనేజీలో దూరతాయనీ గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడమే ఆపించింది. ఆ మాట చెబితే సెక్రటరీ గారు నవ్వి, "అయితే ఏం వెయ్యాలో మీరే తేల్చండమ్మా, మొక్కల పిచ్చి మీకే కదా" అన్నారు. అలా నా నెత్తిన పడింది.

ఒకటే షరతు పెట్టుకున్నాను. వేసే ప్రతి చెట్టూ చూడ్డానికి బాగుండాలి, కాలనీలో కనీసం ఒక్కరికైనా దాంతో ఏదో ఒక పని పడాలి. తుపాను మర్నాడు చూసింది నాకింకా గుర్తుంది. పడ్డ తురాయిల గురించి అయ్యో అన్నారు, సాయంత్రానికి ముక్కలు చేసి లాగేశారు. మూల మీద కానుగ సగం విరిగితే మాత్రం ఇస్త్రీ బండి అతను, ఆటోవాళ్లు కలిసి తాళ్లు కట్టి నిలబెట్టారు. వాళ్లకి ఆ నీడే షాపు, ఆ నీడే స్టాండు.

ఫిబ్రవరి మొదట్లో

గుంతల పని మొదలైంది. నాటేది జూన్‌లోనే అయినా గుంత ఎండాకాలమంతా ఎండాలి. మాది నల్లరేగడి. ఎండకి చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది, వానకి ఉబ్బి చెప్పులకి పట్టుకుంటుంది. రెండున్నర అడుగుల పొడవు, వెడల్పు, లోతు చొప్పున తవ్విస్తున్నాం. పార దెబ్బలకి గుంత గోడలు నున్నగా తేలాయి. నల్లనేలలో ఇది మంచిది కాదు. వానలొచ్చాక ఆ గోడల్లోంచి నీరు ఇంకదు, వేళ్లు ఊపిరాడక కుళ్లిపోతాయి. గునపంతో గోడలన్నీ గీకించాను. పనివాళ్లకి ఇది వింతగా తోచింది. "గోడలకి సున్నం కూడా వేయిస్తారా మేడం?" అని ఒకతను అడిగాడు.

కాంపౌండు గోడకి దగ్గర్లో పెద్ద చెట్టేదీ వద్దని ముందే రాసేశాను. ఈ నేల తడికి ఉబ్బుతుంది, పొడికి కుంగుతుంది. పెద్ద చెట్టు ఎండాకాలంలో గోడ కింది తడంతా లాగేస్తే పునాది కుంగి పగుళ్లిస్తుంది. ఆ తప్పు చెట్టు మీదికి పోతుంది, చెట్టు మీదికి గొడ్డలి పోతుంది.

ఫిబ్రవరి చివర

జాబితా మీద తగువులు. కొన్ని సులభంగానే తెగాయి.

అందరూ "అశోక చెట్లు" వరసగా వెయ్యమన్నారు. వాళ్లు చూపిస్తున్నది నరమామిడి, నిటారుగా స్తంభంలా పెరిగేది. దాని ఆకు తోరణాలకి బాగుంటుంది, రెండు మూడు చాలు. అసలు అశోకం వేరే చెట్టు. పూలు గుత్తులు గుత్తులుగా కాండం మీదే, ముదురు కొమ్మల మీదే పూస్తాయి, నారింజ రంగులో మొదలై ఎర్రబడతాయి. లేత ఆకులు రాగి రంగులో వాడిపోయినట్టు వేలాడతాయి. ఆడవాళ్ల సమస్యలకి వాడే అశోకారిష్టంలో పడేది దీని బెరడే. ఆ గిరాకీకి అడవుల్లో చెట్లు తరిగిపోయాయి, బెరడు పేరుతో నరమామిడి చెక్క కలిపి అమ్మడమూ ఉంది. దీనికి నీడా తడీ కావాలి, గుంటూరు మే నెల ఎండకి ఆకు అంచులు మాడిపోతాయి. పంపుహౌసు వెనక తూర్పు ఎండ మాత్రమే తగిలే మూల ఒకటుంది, ఒక్కటి అక్కడ.

ఏడాకుల పాల వద్దన్నాను. ఆకుల అమరిక ఎంతో అందం, కర్ర తేలిక, ఒకప్పుడు పిల్లల పలకలకి ఈ కర్రే వాడేవారు. శాంతినికేతన్‌లో స్నాతకోత్సవానికి ఈ ఆకులే ఇస్తారు. అయినా చలి మొదలయ్యే రోజుల్లో రాత్రిళ్లు ఆ పూల ఘాటు కిటికీలు మూయించేస్తుంది. 2014లో హుద్‌హుద్ తర్వాత విశాఖలో వీధుల పొడుగునా ఇవే వేశారు, ఇప్పటికీ పూసే కాలం వస్తే ఫిర్యాదులే. పెద్ద క్యాంపస్‌కైతే సరే, ఇరవై అడుగుల వీధికి కాదు.

గంగరావి మీద నాతో నాకే తగువు. లావుపాటి కొమ్మ పాతితే చాలు బతుకుతుంది, ఉప్పు నేలనీ ఓర్చుకుంటుంది. పొద్దున పసుపు పచ్చగా విచ్చిన పువ్వు రాలేవేళకి ఊదా ఎరుపు తిరుగుతుంది. కర్ర గట్టిది, బండ్లకీ పనిముట్లకీ వాడేవారు. కాకపోతే ఇది పత్తి కుటుంబం. పత్తికాయల్ని పాడుచేసే ఎర్ర నల్లులు, గులాబీ రంగు పురుగు దీని మీద కూడా బతుకుతాయి. పత్తి చేల గట్టు మీదైతే వెయ్యనివ్వను. ఊరి మధ్యలో ఫర్వాలేదనుకుని పశ్చిమాన రెండు రాసుకున్నాను.

ఖాయమైనవి: పొగడ, రేల, మోదుగ, పొన్న, కానుగ, పారిజాతం, జాఫ్రా, గుడి వైపు ఒక నాగలింగం. నాగలింగం దక్షిణ అమెరికా చెట్టు, మన శివాలయాల్లో ఎప్పట్నుంచో ఉన్నట్టే స్థిరపడింది. దాని కాయ ఫిరంగి గుండంత, పగిలితే కంపు. పైగా నెత్తిన పడితే నవ్వులాట కాదు. కాబట్టి బెంచీలకి దూరంగా.

మార్చి

మా మొక్కలు పూసేదాకా ఆగితే ఈ డైరీకి పదేళ్లు కావాలి. ఈలోగా ఊళ్లో ఉన్న పెద్ద చెట్ల దగ్గరే పని నేర్చుకుంటున్నాను. పల్నాడు వైపు నుంచి మా పిన్ని కొడుకు గోనెసంచి నిండా మోదుగ పూలు తెచ్చాడు. "అక్కా, వీటితో ఏం చేస్తావో గానీ, బస్సంతా అదోలా చూశారు నన్ను" అన్నాడు.

పూలు నీడలో ఆరబెట్టాను. తొడిమ దగ్గరి నల్లటి మఖమలు గిన్నె తీసేసి, నారింజ రంగు రేకులే ఉంచాలి. రంగు వెయ్యడానికి నాన్న పాత పంచె. నూలు బట్టకి రంగు ఊరికే పట్టదు. ముందు కుంకుడుకాయ రసంతో గంజీ జిడ్డూ పోగొట్టి, కరక్కాయ పొడి కలిపిన నీళ్లలో నానబెట్టాలి. పెడనలో, శ్రీకాళహస్తిలో కలంకారీ పనివాళ్లు చేసేదీ ఇదే. వాళ్లు కరక్కాయతో పాటు గేదె పాలు కూడా కలుపుతారు, రంగు పక్కలకి పాకకుండా. నాకు గీతలు లేవు కాబట్టి పాలు మానేశాను. ఆ నీళ్లలోంచి తీసిన బట్ట లేత పసుపు తిరుగుతుంది. పిండి ఆరబెట్టి, ఆ తర్వాత పటిక నీళ్లలో ముంచి మళ్లీ ఆరబెట్టాను.

రేకుల్ని రాత్రంతా నానేసి, పొద్దున సన్నటి సెగ మీద గంటసేపు ఉంచాను. తెర్లకూడదు. స్టీలు గిన్నె వాడాలి, ఇనప బాణలి పనికిరాదు. కరక్కాయ పట్టిన బట్టకి ఇనుము తగిలితే నల్లబడుతుంది. కలంకారీ నలుపు పుట్టేదే అలా: తుప్పు ఇనుమూ బెల్లమూ పులియబెట్టిన నీళ్లని కరక్కాయ పట్టిన బట్ట మీద కలంతో గీస్తారు, గీత గీసిన చోటల్లా నల్లగా తేలుతుంది.

బట్ట వేశాక మొదట ఏమీ జరగనట్టే ఉంది. కర్రతో తిప్పుతూ ఉంటే అరగంటకి తేనె రంగు, ఇంకాసేపటికి ముదురు పసుపు. ఒక అంచుని సున్నపు తేటలో ముంచాను. పసుపు కళ్లెదుటే నారింజలోకి దిగిపోయింది, ముంచిన గీత దగ్గర కత్తిరించినట్టు రెండు రంగులు. మా అత్తయ్య వంటింట్లోంచి వచ్చి ఆ అంచు చూసి, "హోళీకి ఈ నీళ్లే చల్లుకునేవాళ్లమే, ఎవరికీ ఒళ్లు మండేది కాదు" అంది. ఈ రంగుకి ఎండ పడదు. డాబా మీద ఆరేసిన సగం వారానికే వెలిసింది. కాబట్టి లోపల వాడుకునే గలీబులకీ చేతిరుమాళ్లకీ సరే, కర్టెన్లకి వద్దు.

ఏప్రిల్

పాత కాలేజీ ఆవరణలో పొగడ చెట్టు. తెల్లవారకముందే వెళ్లాలి, ఊడ్చేవాళ్లు రాకముందు. మా వాచ్‌మన్ వాళ్ల అమ్మ కూడా వస్తానంది. ఆవిడ్ని కాలనీ అంతా మామ్మ అనే పిలుస్తారు.

చెట్టు కింద చీర పరిచి కూర్చున్నాం. పొగడపువ్వు కోయక్కర్లేదు, దానంతటదే రాలుతుంది. అదీ ఆకుపచ్చ తొడిమని కొమ్మకే వదిలేసి, తెల్లటి చక్రం ఒక్కటే ఊడి పడుతుంది. చక్రం అంచంతా సన్నటి రేకులు, మధ్యలో సూదికొన పట్టేంత రంధ్రం. అందుకే దీనికి సూదీ వద్దు, ముడీ వద్దు. మామ్మ అరటినార తడిపి, కొస నలిపి గట్టిచేసి, ఒక్కో పువ్వులోంచి దూర్చుకుంటూ పోయింది. నేను రెండు గుచ్చేలోపు ఆవిడ జానెడు దండ చేసేసింది.

"పళ్లు తిన్నావా ఎప్పుడైనా, అమ్మాయ్?"

"లేదు మామ్మా."

"పండితే నారింజ రంగుకొస్తాయి. తియ్యగా ఉంటాయి గానీ నోరంతా పిండిపిండిగా వగరు పడుతుంది. చిగుళ్లు గట్టిపడతాయి."

వగరు పళ్లలో కంటే బెరడులో ఎక్కువ. చిగుళ్లకీ పళ్ల కదలికకీ ఆయుర్వేదం చెప్పేది పొగడ బెరడే. కాండం చుట్టూ బెరడు వలిస్తే చెట్టు చస్తుంది. కాబట్టి కత్తిరించిన కొమ్మల బెరడే తీసుకోవాలి. కాలేజీ తోటమాలి ఇచ్చిన కొమ్మ ముక్కల చెక్క ఎండబెట్టి, దంచి, వస్త్రగాళితం పట్టి, కాస్త లవంగం, ఉప్పు కలిపాను. ఇంట్లో పిల్లలు ఒక్కరోజు తోమి మళ్లీ పేస్టుకి వెళ్లిపోయారు. మామ్మ మాత్రం డబ్బా తీసుకెళ్లింది.

దండ ఎండిపోయి మట్టిరంగు తిరిగినా వాసన పోలేదు. బీరువాలో చీరల మధ్య పెట్టాను. పొగడ పెరుగుదల నెమ్మది. అదొక్కటే దీంతో చిక్కు. అసోసియేషన్‌లో ఓపిక లేనివాళ్లు దీన్ని చూసి ఏమైనా అనకుండా పక్కనే తొందరగా ఎదిగే కానుగ వెయ్యాలి.

ఏప్రిల్ చివర, దీపం

సంక్రాంతికి సముద్రం వైపు చుట్టాలింటికి వెళ్లినప్పుడు ఏరుకొచ్చిన పొన్నకాయల సంగతి రాయనేలేదు. పొన్న ఆకు నిగనిగలాడుతుంది, ఈనెలు అడ్డంగా ఒకదాని పక్కన ఒకటి వెంట్రుకంత సన్నగా తీర్చినట్టుంటాయి. తెల్లటి పువ్వు, మధ్యలో పసుపు కేసరాల కుచ్చు. కాయ గోళీకాయ కంటే పెద్దది, నీళ్లలో తేలుతుంది, అలల మీద కొట్టుకుపోయి ఎక్కడో మొలుస్తుంది. కర్ర పడవలకి వాడేవారు.

నూనె పని ఓపిక పని. పచ్చికాయ పగలగొడితే లోపలి పప్పు తెల్లగా, పొడిగా ఉంటుంది, పిండితే చుక్క రాదు. పెంకు తీసి ఎండలో పెట్టాలి. మొదటి వారాల్లో మార్పేమీ లేదు, తర్వాత అంచుల నుంచి గోధుమ రంగు తిరిగింది, మార్చి నెలాఖరుకి వేలికి జిగురుగా అంటుకోవడం మొదలైంది. నూనె పప్పులో ఎండుతూ ఎండుతూ పుడుతుంది. ఈ నెలలో రోట్లో దంచి, కాస్త వెచ్చచేసి, గుడ్డలో మూట కట్టి మెలిపెడితే చిక్కటి ఆకుపచ్చ నూనె దిగింది. తినేది కాదు, పిల్లలకి గట్టిగా చెప్పాను. ప్రమిదలో పోసి వత్తి వేశాను. నువ్వుల నూనె కంటే నెమ్మదిగా అంటుకుంది, వత్తి కొంచెం లావుగా ఉండాలి. అంటుకున్నాక నిలకడగా వెలిగింది, వాసన మాత్రం కొందరికి నచ్చదు. కరెంటు రాకముందు తీరం ఊళ్లలో ఇదీ కానుగ నూనే దీపాల్లో పోసేవారు.

కొన్ని కాయలు విత్తనానికి ఉంచాను. పెంకు తీసి పాతినవి ముందు మొలిచాయి, పెంకుతో పాతినవి ఇంకా మట్టిలోనే ఉన్నాయి.

రోహిణి కార్తె

రోళ్లు పగిలే ఎండ. బయట పనేమీ లేదు. ఇంట్లో కూర్చుని రేల విత్తనాలు గీకుతున్నాం.

ఈ నెలలో రేల చెట్టు బంగారు గుత్తులతో వేలాడుతుంటుంది, అదే చెట్టుకి పోయినేటి నల్లటి కాయలు మూరెడు పొడుగున ఊగుతుంటాయి. కేరళకి రాష్ట్ర పుష్పం, థాయిలాండుకి జాతీయ పుష్పం. కేరళలో కొత్త ఏడాది పండగ విషుకి ఇది ఉండాల్సిందే. మనకి ఇక్కడ హైవే మధ్యలో తప్ప ఎవరికీ పట్టదు.

కాయని అడ్డంగా విరిస్తే లోపల పలకలు పలకలుగా అరలు, ఒక్కో అరలో ఒక్కో గింజ, దాని చుట్టూ తారులాంటి నల్లటి గుజ్జు. ఆ గుజ్జే ఆయుర్వేదంలో తేలికపాటి విరేచనాల మందు. వేలితో తీసి నాకి చూశాను, చింతపండూ బెల్లమూ కలిసిన వాసన, తీపే. మందుగా ఎంత వాడాలన్నది వైద్యుడు చెప్పాల్సిన మాట, పిల్లలకి ఇళ్లల్లో ఇచ్చేయకూడదు. బెరడు తోళ్లు ఊనడానికి వాడతారు, తంగేడు చెక్కలాగే.

గింజ పెంకు నీళ్లు చొరనివ్వదు. ఊరికే పాతితే నెలలు పడుతుంది. గరుకు కాగితం మీద ఒక పక్క రుద్ది, లోపలి లేత రంగు కనపడగానే ఆపి, రాత్రంతా నీళ్లలో వెయ్యాలి. మొలక వచ్చే కొన వైపు రుద్దకూడదు. పొద్దున్నకి రెట్టింపు ఉబ్బినవి కవర్లలోకి, ఉబ్బనివి మళ్లీ గరుకు కాగితం మీదికి. టెన్షన్ పడే పని కాదిది, టీవీ చూస్తూ చేసుకోవచ్చు. మా పక్కింటి ఆంటీ సీరియల్ చూస్తూ గిన్నెడు గింజలు గీకేశారు.

మృగశిర

తొలకరి పడింది. నాటడం మొదలు. గుంతల్లోంచి తీసిన నల్లమట్టిలో సగమే వాడాం. మిగతా సగం ఎర్రమట్టి, చివికిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి. నేలమట్టానికి జానెడు ఎత్తున దిబ్బలా లేపి దాని మీద మొక్క పెట్టాం, మొదలు దగ్గర నీళ్లు నిలవకుండా. నర్సరీ కవర్లలో మెలికలు తిరిగిన వేళ్లని బ్లేడుతో నిలువునా గీసి విడదీశాను. కడియం నుంచి వచ్చిన పొగడలు బాగున్నాయి. కొన్ని కానుగలకి మాత్రం ఆకుల మీద బుడిపెలు, నల్లి పని. కానుగకి అది మామూలే, చెట్టుకేం కాదు.

మోదుగని కవర్లో పెంచలేదు. దాని తల్లివేరు సూటిగా దిగుతుంది, కదిలిస్తే అలుగుతుంది. కాయ కొసన ఒక్కటే గింజ ఉంటుంది, కొత్తగా రాలినదైతేనే మొలుస్తుంది. నేరుగా గుంతలోనే రెండేసి పాతాం. ఉప్పునేల, నీళ్లు నిలిచే నేల దీనికి కొత్త కాదు, కాబట్టి పార్కు పల్లపు మూలంతా మోదుగలే. పెద్దయ్యాక ఆకులు విస్తళ్లకి. అప్పటికి కుట్టేవాళ్లు ఉండాలి మరి.

ఆగస్టు

వానలు. ముసురు వదల్లేదు. గీకించిన గుంతల్లో నీళ్లు రెండు పూటల్లో ఇంకాయి. మున్సిపాలిటీ పైపు కోసం ఎవరో తవ్వి వదిలేసిన గుంతలో ఇంకా కప్పలు.

రేల మొక్కలకి ఆకుపచ్చ గొంగళ్లు పట్టాయి. లేత ఆకుల ఈనెలు మాత్రం మిగిల్చాయి. మందు కొడదామని వాచ్‌మన్ పంపు తెచ్చాడు, వద్దన్నాను. ఇవి తెల్ల, పసుపు సీతాకోకచిలుకల పిల్లలు, రేల వాటి తిండి. వేరు ఆరోగ్యంగా ఉంటే మొక్క మళ్లీ చిగురిస్తుంది. మరీ చిన్న మొక్కల మీది పురుగుల్ని మాత్రం ఏరి, గేటు పక్కన ఉన్న ముదురు రేల మీదికి చేర్చాం.

విజయవాడలో పని చూసుకుని కొండపల్లి బొమ్మల కాలనీకి వెళ్లాను. పార్కులో తెల్ల పొణికి వెయ్యొచ్చా అన్నది తేల్చుకోవాలని. కొండపల్లి బొమ్మకి ఆ కర్రే ప్రాణం. ఒక పెద్దాయన అంబారీ ఏనుగు కాళ్లు చెక్కుతూ, పక్కనున్న దుంగ ముక్క నా చేతికిచ్చారు. ఎత్తుకున్నప్పుడు ఖాళీ అట్టపెట్టె అనుకున్నాను, అంత తేలిక. గోటితో నొక్కితే గుంట పడింది.

"పచ్చిగా ఉంటే చెక్కకూడదమ్మా. సెగ మీద తడి లాగెయ్యాలి. లేకపోతే రంగు వేశాక పగులుద్ది."

చేతులు, కాళ్లు, తొండం విడివిడిగా చెక్కి, చింతగింజల పిండీ రంపంపొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. అతుకు ఎక్కడో చూపించమన్నాను. ఆయన చూపించినా నా కళ్లకి దొరకలేదు. మా పార్కులో ఈ చెట్టు వెయ్యొచ్చా అని అడిగితే నవ్వారు. "అది కొండ మీద రాళ్ల సందుల్లో పెరిగేది. మీ గుంటూరు బురదలో వేస్తే కుళ్లుద్ది. వేసినా మీకేం లాభం? మీ పార్కులో ఎవరమ్మా చెక్కేది?"

నా షరతు నాకే తిప్పి చెప్పినట్టయింది. జాబితాలోంచి కొట్టేశాను. అయితే ఆ ముక్క ఇంటికి తెచ్చి చాకుతో చిన్న ఎద్దు చెక్కాను, కొమ్ములు మాత్రం రాలేదు. కొండపల్లి కొండల్లో పొణికి తగ్గిపోతోందని అక్కడ అందరి నోటా అదే మాట. గింజ పెంకు రాయిలా ఉంటుంది, మొలకెత్తించడం కష్టం, కొట్టేది మాత్రం ఆగదు.

నవంబరు

పారిజాతాలు మొదటి పూత. మొక్క నడుమెత్తు కూడా లేదు, అయినా పొద్దున్నే నేల మీద గుప్పెడు. పూజకి మూడిళ్ల వాళ్లు పోటీ. రాలిన పూవు దేవుడికి పనికొచ్చేది ఇదొక్కటే కదా అని మా అత్తయ్య. పూజయ్యాక వాటి నారింజ రంగు తొడిమలు నాకిచ్చెయ్యమని ఒప్పందం పెట్టాను. అవి ఎండబెడితే పట్టుకి మంచి పసుపు. డబ్బా అడుగు నిండింది ఇప్పటికి.

జాఫ్రా కూడా బాగా కదిలింది. దీన్ని కరెంటు తీగల కింద వేశాం, మరీ ఎత్తుకి పోదని. లేత గులాబీ పువ్వు, తర్వాత ఎర్రటి వెంట్రుకల కాయ, లోపల గింజల మీది పొర సింధూరం రంగు. నూనెలో వేసి వెచ్చచేస్తే నూనె ఎరుపెక్కుతుంది, వంటకి రంగు అదే. ఏటికొప్పాక లక్కబొమ్మలకి ఇలాంటి గింజల, వేళ్ల రంగులే మళ్లీ వాడుకలోకి తెచ్చారు. ఆ కృషికే సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. అక్కడ బొమ్మ కర్ర అంకుడు, అదీ తెల్లటి పూలతో అందమైన చెట్టే. వచ్చే వానలకి ఒకటి చూడాలి.

డిసెంబరు

తీగల కింద కొమ్మలు కొట్టేవాళ్లు వచ్చారు. కానుగని మధ్యకి నరకబోతే ఇస్త్రీ అతను పెట్టె దింపి అడ్డం వెళ్లాడు. "అన్నా, ఆ పక్క రెండు కొమ్మలు తీస్తే తీగకి తగలదు. తల తీస్తే ఎండాకాలం నేనెక్కడ నిలబడాలి?" వాళ్లు ఆ రెండే తీశారు. కొట్టిన కొమ్మల ఆకు పాడుచెయ్యలేదు. ఒకప్పుడు డెల్టాలో వరిమళ్లకి కానుగ రెమ్మలు బండ్లతో తోలి తొక్కించేవారు, ఎరువుకి. మేం మోదుగ గుంతల చుట్టూ పరిచాం. పుల్లలు మామ్మ తీసుకుంది పళ్లపుల్లలకి.

పక్క వీధి తెల్ల ఇంటి ఆయన గంగరావిని పీకేశారు, కారు మీద పువ్వులు పడతాయని. మొక్క ఇంకా పూయనే లేదు. సెక్రటరీ గారు వెళ్లి మాట్లాడారు, ఫలితం లేదు. అక్కడ మళ్లీ గంగరావి వెయ్యను. ఆ ఇంట్లో ఎవరికి ఏ చెట్టుతో పని పడుతుందో కనుక్కుని వెయ్యాలి. వాళ్ల అమ్మగారికి మోకాళ్ల నొప్పులట, ఒళ్లు పట్టించుకోవడానికి కానుగ నూనె అడిగారు.

ఫిబ్రవరి

లెక్క చూసుకుంటే చచ్చినవి ఎక్కువ పొన్నలే. బురద కాదు కారణం, వేసవి కూడా కాదు. దక్షిణపు వీధిలో ఇంటి కట్టుబడికి వచ్చిన లారీలు తొక్కేశాయి. పెంకుతో పాతిన కాయలు ఎట్టకేలకి మొలిచాయి, వాటితో ఆ ఖాళీలు నిండుతాయి. ఈసారి చుట్టూ గట్టి కర్రలు పాతి, పాత బోరు పైపులు అడ్డం కట్టిస్తున్నాం. అశోకం బతికింది, ఆకు అంచులు మాడినా. పొగడలు మోకాలెత్తు. మోదుగల్లో మూడో వంతు మొలవలేదు, మళ్లీ మేలో కొత్త గింజ రావాలి.

పల్నాడు నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు, పూలు విచ్చాయట. ఈసారి బస్సులో కాదు, వాళ్ల ఊరి మిర్చి లారీ యార్డుకి వచ్చేటప్పుడు పంపుతానన్నాడు. సెక్రటరీ గారు హోళీకి కాలనీ పిల్లలకి మోదుగ రంగే ఇద్దామన్నారు. రెండు గోతాలు కావాలి, పెద్ద స్టీలు గుండిగలు రెండు కావాలి. పెళ్లి వంటలవాళ్ల దగ్గర అద్దెకి మాట్లాడాను. వాళ్లకి చెప్పలేదింకా, అందులో ఉడికేది పువ్వులని.